చెప్పిన నాటికి రైలు



పెద్ద రైల్వే పనులు అనుకున్న గడువులో పూర్తి కావడం మన దేశంలో సాధ్యమేనా? సాధ్యమైతే అందుకు ఏం కావాలి? ఈ పూట మనం మాట్లాడుకునే విషయం ఇదే.

2014 జులై 8న పార్లమెంటులో రైల్వే బడ్జెట్టు ప్రవేశపెడుతూ అప్పటి రైల్వే మంత్రి డి.వి. సదానంద గౌడ కొన్ని లెక్కలు బయటపెట్టారు. అంతకు ముందు 30 ఏళ్లలో 676 ప్రాజెక్టులు మంజూరయ్యాయి. వాటి మొత్తం విలువ 1,57,883 కోట్ల రూపాయలు. పూర్తయినవి 317. ఇంకా 359 మిగిలే ఉన్నాయి. ఆ మిగిలినవాటిని ముగించడానికి 1,82,000 కోట్లు కావాలని ఆయన సభకు చెప్పారు. ఈ అంకెల్ని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. మొత్తం 676 పనులకూ వేసుకున్న అంచనా కంటే, అందులో మిగిలిపోయిన సగానికి అయ్యే ఖర్చే ఎక్కువైపోయింది. అదే ప్రసంగంలో ఆయన ఇంకో మాట కూడా అన్నారు. గడచిన పదేళ్లలో 60,000 కోట్ల విలువైన 99 కొత్త లైన్లు మంజూరు చేస్తే, ఆ రోజుకు పూర్తయింది ఒక్కటే.

ఒక మంత్రి తన శాఖ గురించి అంత నిక్కచ్చిగా చెప్పడం మంచి పనే. ఇలా ఎందుకు జరిగిందన్నదానికి జవాబు ఆ లెక్కల్లోనే ఉంది. ఒక్క బోరు నీళ్లతో ఇరవై ఎకరాలు తడపాలని చూస్తే ఏమవుతుందో మన రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి మడికీ కాసిని నీళ్లు అందుతాయి, ఏ మడీ పండదు. రైల్వేలో దశాబ్దాల పాటు జరిగింది ఇదే. ప్రతి బడ్జెట్టులో ప్రతి ప్రాంతానికీ ఒక లైను ప్రకటించారు. ఒక్కో లైనుకు ఆ ఏడాది కొద్దో గొప్పో కేటాయించారు. ఆ డబ్బుతో సర్వే అయింది, ఒక ఆఫీసు వెలిసింది, అక్కడక్కడ మట్టికట్ట లేచింది. అక్కడితో సరి. ఏళ్లు గడిచేకొద్దీ సిమెంటు ధర పెరిగింది, ఉక్కు ధర పెరిగింది, భూమి ధర అన్నిటికంటే ఎక్కువ పెరిగింది. అంచనాలు సవరించారు. సవరించిన అంచనాకు మళ్లీ మంజూరు తెచ్చుకోవాలి. అది వచ్చేలోగా ధరలు ఇంకో మెట్టు ఎక్కేవి.

మన తెలుగు నేల మీదే చూద్దాం. నంద్యాల నుంచి బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్లకు పోయే లైను పొడవు 123 కిలోమీటర్లు. 1996-97లో మంజూరైంది. ఆ దారిలో ప్రయాణికుల రైలు నడిచింది 2016 ఆగస్టులో. మంజూరైన ఏడు పుట్టిన పిల్లలు ఆ రైలెక్కేసరికి డిగ్రీ చదువుల్లో ఉన్నారు. తెలంగాణలో పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్‌కు వేసిన లైను దాదాపు 177 కిలోమీటర్లు. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలో, 1993-94లో మంజూరైంది. ముక్కలు ముక్కలుగా ముందుకు సాగి 2017కు గాని రెండు చివరలూ కలవలేదు. ఇక కోనసీమ సంగతి. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద మూడు పెద్ద వంతెనలు కట్టాలి. కష్టమైన పనే, కాదనను. కానీ పాతికేళ్లు పట్టేంత కష్టం కాదు. రాష్ట్రం ఇవ్వాల్సిన వాటా, సేకరించాల్సిన భూమి వేళకు సమకూడక ఆ పని ఏళ్ల తరబడి నలిగింది. కోనసీమ మనిషి రైలెక్కాలంటే ఇన్నేళ్లూ సీమ దాటి వెళ్లాల్సి వచ్చింది.

మరి మన ఇంజనీర్లకు పని రాదా? మన కూలీలకు ఒళ్లు వంగదా? ఆ మాట అంటే అంతకంటే అన్యాయం ఉండదు.

రాజమండ్రి దగ్గర గోదావరి మీది పాత వంతెన, మనం హేవ్‌లాక్ వంతెన అని పిలుచుకునేది, 1897 నవంబరులో మొదలై 1900 ఆగస్టులో రైళ్లకు తెరుచుకుంది. 56 ఖానాలు, పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైనే. నదికి అటూ ఇటూ రైలు మార్గాలు అప్పటికే వచ్చేశాయి. మధ్యలో నది ఒక్కటే అడ్డు. మొదలైన నెలలు గమనించండి. వరద తగ్గాక నవంబరులో మొదలుపెట్టారు. గోదావరి మీద పని అంటే కార్తీకం నుంచి జ్యేష్ఠం దాకా జరిగే పని. ఆ తరువాత నది తన దారిన తాను పోతుంది, మనిషి గట్టున కూర్చుని చూడాలి. ఏటా వచ్చే ఏడెనిమిది నెలల్లో ఎన్ని బావులు దించాలి, ఎన్ని స్తంభాలు నీటిమట్టం దాటించాలి అన్న లెక్క ముందే కట్టుకున్నవాళ్లకు మూడేళ్లు సరిపోయాయి. ఆ లెక్కలో ఒక్క నెల తప్పితే, పోయేది నెల కాదు, మొత్తం ఏడాది. డబ్బు విడుదల చేసే ఆఫీసు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నవంబరులో అందాల్సిన డబ్బు మార్చిలో అందితే నది మీద ఒక పనికాలం మొత్తం వృథా అయినట్టే.

ఇంకో ఉదాహరణ. 1964 డిసెంబరు 22 రాత్రి పెనుతుపాను పాంబన్ దీవి మీద విరుచుకుపడింది. ధనుష్కోటికి వెళ్తున్న రైలును సముద్రం మింగేసింది. నూరుమందికి పైగా ప్రాణాలు పోయాయి. ప్రధాన భూభాగాన్ని రామేశ్వరంతో కలిపే పాంబన్ వంతెన గర్డర్లు చాలావరకు కొట్టుకుపోయాయి. బాగు చెయ్యడానికి రైల్వే పెట్టుకున్న గడువు ఆరు నెలలు. పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. పని అప్పగించింది 32 ఏళ్ల ఇంజనీరుకు. పేరు ఇ. శ్రీధరన్. పాలక్కాడ్ నుంచి వచ్చి మన కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చదువుకున్న మనిషి. కొత్త గర్డర్లు తయారు చేయించి తెప్పించాలంటే నెలలు పడుతుంది. సముద్రం అడుగున పడి ఉన్న పాత గర్డర్లను వెతికించి, పైకి తీయించి, వాటినే మళ్లీ స్తంభాల మీదికి ఎక్కించారు. 46 రోజుల్లో వంతెన నిలబడింది. ఆ మనిషికి అధికారం ఇచ్చారు, ఆయన అడిగిన సామాను ఇచ్చారు, నిర్ణయం కోసం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనవసరం లేకుండా చేశారు. తెలివితేటలు ఎంత పనిచేశాయో ఈ మూడూ అంతే పనిచేశాయి.

మన రాష్ట్రంలోనే ఇటీవలి సంగతి ఒకటుంది. కడప వైపు ఓబులవారిపల్లె నుంచి నెల్లూరు వైపు వెంకటాచలం దాకా, కృష్ణపట్నం రేవుకు సరుకు చేర్చే 112 కిలోమీటర్ల లైను. 2005-06లో మంజూరై 2019 సెప్టెంబరులో ప్రారంభమైంది. అంటే 13, 14 ఏళ్లు. దీనిలో అన్నిటికంటే కష్టమైన పని వెలికొండల్ని తొలిచి తీసిన సొరంగం. 6.6 కిలోమీటర్ల పొడవు. కొంచెం తవ్వడం, తవ్విన మేర రాతి స్వభావం చూసి అప్పటికప్పుడు సిమెంటు కాంక్రీటు చిమ్మి, బోల్టులు దించి కట్టుదిట్టం చేయడం, ఆ తరువాతే ముందుకు కదలడం. ఇంత జాగ్రత్తగా చేస్తూ కూడా ఆ సొరంగాన్ని నాలుగేళ్ల లోపే ముగించారు. ఈ రెండు లెక్కల్ని కలిపి ఆలోచించండి. కొండను తొలవడానికి పట్టింది నాలుగేళ్ల లోపు. కొండ దాకా రావడానికి పట్టింది పదేళ్లు. ఆలస్యం ఎక్కువగా పుట్టేది రాతిలో కాదు, మట్టిలో కాదు. పని మొదలుపెట్టే పద్ధతిలో పుడుతుంది. నేను ఈ పూట చెప్పదలచిన అసలు మాట ఇదే.

రైలు మార్గానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. నూరు కిలోమీటర్ల లైనులో 98 కిలోమీటర్లు సిద్ధమై, నడుమ రెండు కిలోమీటర్ల భూమి చేతికి రాకపోతే ఆ 98 కిలోమీటర్లూ ఎండకు ఎండి వానకు తడుస్తూ పడి ఉండాల్సిందే. మట్టికట్ట కోసుకుపోతుంది. దాని మీద తుమ్మచెట్లు మొలుస్తాయి. కాంట్రాక్టరు యంత్రాలు తెచ్చి, మనుషుల్ని పెట్టి, చేతికి నేల అందక కూర్చుంటే రోజుకింత నష్టం. కొన్నాళ్లకు పాత ధరలు గిట్టడం లేదని పని వదిలేసి పోతాడు. తగవు మధ్యవర్తుల దగ్గరికి, అక్కడినుంచి కోర్టుకు చేరుతుంది. మళ్లీ టెండరు, మళ్లీ మొదటినుంచి. చాలా లైన్ల చరిత్ర ఇంతే. కాబట్టి భూమి చేతికి రాకముందే టెండరు పిలవడం పని మొదలుపెట్టడం కాదు, తగవు మొదలుపెట్టడం.

కొంకణ్ రైల్వే ఈ పాఠాన్ని బాగా నేర్చుకుని మొదలైంది. ముంబై దాటి రోహా నుంచి మంగళూరు దగ్గర తోకూరు దాకా, పడమటి కనుమలకూ సముద్రానికీ మధ్య దాదాపు 740 కిలోమీటర్లు. తొంభైకి పైగా సొరంగాలు, చిన్నా పెద్దా కలిపి రెండు వేలకు చేరువలో వంతెనలు. 1990లో జార్జ్ ఫెర్నాండెజ్ రైల్వే మంత్రి, మధు దండవతే ఆర్థిక మంత్రి. ఇద్దరికీ ఆ తీరంతో అనుబంధం ఉంది. రైల్వే బడ్జెట్టు నుంచి ఏటా కొంచెం కొంచెం తీసి పెడితే ఈ లైను పూర్తవడానికి తరాలు పడుతుందని వాళ్లకు తెలుసు. అందుకే దీనికోసమే ఒక కార్పొరేషన్ పెట్టారు. కేంద్రానికి 51 శాతం, మహారాష్ట్రకు 22, కర్ణాటకకు 15, గోవాకు 6, కేరళకు 6 శాతం వాటా. మిగతా డబ్బు బాండ్ల ద్వారా జనం నుంచి, సంస్థల నుంచి సేకరించారు. పగ్గాలు శ్రీధరన్‌కు ఇచ్చారు.

ఆయన మొదట చూసింది భూమి సంగతి. 42,000 మందికి పైగా భూయజమానులు. అధికారులు ఊరూరా తిరిగి, ఇంటింటికీ వెళ్లి, లైను ఎందుకో వివరించి, పరిహారం మాట్లాడి, ఏడాదిలో భూసేకరణ పూర్తి చేశారు. మార్గాన్ని దాదాపు నూరు కిలోమీటర్ల చొప్పున విడదీసి ఒక్కో భాగానికి ఒక చీఫ్ ఇంజనీరును పెట్టారు. తన భాగంలో ఏ నిర్ణయమైనా అక్కడే తీసుకునే అధికారం ఆయనది. కుర్ర ఇంజనీర్లు మోటారు సైకిళ్ల మీద కొండలు దాటుకుంటూ సర్వే చేశారు. కాంట్రాక్టరు బిల్లు పెడితే అందులో ఎక్కువ భాగం వెంటనే చెల్లించి, తనిఖీ పూర్తయ్యాక మిగతాది ఇచ్చారు. చేతిలో డబ్బు ఆడే కాంట్రాక్టరు కూలీలకు వారం వారం కూలి ఇవ్వగలడు. కూలి అందే కూలీ పని వదిలి పోడు. గడువు అన్నది పెద్ద ఆఫీసు గోడ మీది చార్టులో కన్నా ఈ వారం కూలిలోనే ఎక్కువగా ఉంటుంది.

ఇంత చేసినా కొంకణ్ రైల్వే మొదట పెట్టుకున్న అయిదేళ్ల గడువులో పూర్తి కాలేదు. 1998 జనవరిలో గాని మార్గం మొత్తం మీద రైలు నడవలేదు. కారణాలు దాచుకోవాల్సినవి కావు, నేర్చుకోవాల్సినవి. తొమ్మిది సొరంగాలు రాతిలో కాకుండా నీరూరే మెత్తటి బంకమట్టిలో తవ్వాల్సి వచ్చింది. తవ్విన చోటే కూలిపోయేది. తవ్విన మేరే మళ్లీ తవ్వాలి. వాటి మీదే దాదాపు నాలుగేళ్లు పోయాయి. గోవాలో తీరం వెంబడి పోయే మార్గం మీద గట్టి అభ్యంతరాలు లేచాయి. పని ఆపి, విచారణ జరిపించి, ఆ తరువాతే ముందుకు సాగారు. ప్రజల అభ్యంతరాన్ని సర్వే దశలోనే వినాలి. వంతెనలు లేచాక వింటే అటు ప్రజలకూ న్యాయం జరగదు, ఇటు పనికీ గడువు నిలవదు. నేల లోపల ఏముందో తెలుసుకోవడానికి పెట్టే ఖర్చు, పెట్టే నెలలు వృథా కావు. అక్కడక్కడ రంధ్రాలు వేసి నేలను పరీక్షించడానికి సణిగితే, ఆ తరువాత సొరంగం కూలినప్పుడు అంతకు నూరింతలు కట్టాల్సి వస్తుంది.

హిమాలయాల్లో ఇదే సంగతి ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. ఉధంపూర్ నుంచి శ్రీనగర్ మీదుగా బారాముల్లా దాకా 272 కిలోమీటర్ల లైను 1994-95లో మంజూరైంది. 2002లో దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించారు. ఆ కొండలు వయసులో చిన్నవి. ఇంకా కుదురుకోని రాయి, ఊటలు, జారే చరియలు. 2008లో నడుమ భాగంలో పని ఆపి మార్గాన్నే తిరిగి సమీక్షించాల్సి వచ్చింది. చివరికి నది నుంచి 359 మీటర్ల ఎత్తున, 1,315 మీటర్ల పొడవున చీనాబ్ మీద వంతెన లేచింది. 2025 జూన్ 6న ప్రారంభమైంది. అక్కడ పనిచేసినవాళ్ల నేర్పునూ తెగువనూ ఎంత పొగిడినా తక్కువే. కానీ 30 ఏళ్లలో కొంత భాగం కొండ తీసుకుంది, కొంత భాగం తొందరపడి ఖరారు చేసిన మార్గం తీసుకుంది. మొదటిది ఎవరి చేతిలోనూ లేదు. రెండోది మన చేతిలోనే ఉంది.

ఇప్పుడు రెండు మహానగరాల కథ చెబుతాను. కలకత్తా మెట్రోకు 1972 డిసెంబరులో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. దేశంలో మొదటి భూగర్భ రైలు. 1984 అక్టోబరులో ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా మూడున్నర కిలోమీటర్ల లోపు దూరం నడిచింది. డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ దాకా మొత్తం 16 కిలోమీటర్లకు పైగా దూరం పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. వీధులు తవ్వి ఉంచారు. కింద నూరేళ్ల నాటి నీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు తీగలు ఎక్కడ ఏముందో సరైన పటాలు లేవు. డబ్బు ఏటా బడ్జెట్టు దయ మీద వచ్చేది. ఊరి వ్యాపారాలు దెబ్బతిన్నాయి. జనం ఓపిక నశించింది.

ఢిల్లీ మెట్రో ఆ అనుభవాన్నంతా దగ్గర పెట్టుకుని మొదలైంది. 1995లో కార్పొరేషన్ ఏర్పడింది. కేంద్రానికీ ఢిల్లీ ప్రభుత్వానికీ చెరి సగం వాటా. జపాన్ నుంచి దీర్ఘకాలపు రుణం. కాబట్టి ఫలానా నెలకు ఫలానా సొమ్ము ఉంటుందన్న భరోసా ముందే ఉంది. 1997లో శ్రీధరన్ మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చారు, 2011 చివరి దాకా ఉన్నారు. ఇంత పెద్ద పని మీద ఒకే మనిషి 14 ఏళ్లు ఉండటం మన దేశంలో అరుదు. రెండేళ్లకో మూడేళ్లకో అధికారి మారిపోతే, వచ్చిన కొత్త మనిషి పాత ఫైళ్లు చదవడానికే ఆరు నెలలు పడుతుంది. పాత మనిషి తీసుకున్న నిర్ణయానికి తాను సంతకం ఎందుకు పెట్టాలన్న అనుమానం ఇంకో ఆరు నెలలు తింటుంది. ఢిల్లీలో ఆ ఇబ్బంది రాలేదు. కార్యాలయాల్లోనూ పని జరిగే చోట్లా గడువుకు ఇంకా ఎన్ని రోజులుందో చూపే బోర్డులు పెట్టారు. రోజు గడిచేకొద్దీ అంకె ఒకటి తగ్గుతుంది. అది చూసేది కాంట్రాక్టరొక్కడే కాదు, బిల్లు పాస్ చేసే గుమస్తా కూడా చూస్తాడు. 1998 అక్టోబరులో పని మొదలైంది. 2002 డిసెంబరులో మొదటి రైలు నడిచింది. మొదటి దశ 65 కిలోమీటర్లూ 2005 చివరికి, అనుకున్న గడువు కంటే రెండేళ్లకు పైగా ముందే, పూర్తయ్యాయి.

అయితే శ్రోతలారా, గడువు గురించి ఇంత మాట్లాడుతున్నప్పుడు మనుషుల గురించి మాట్లాడకపోతే అది పాపమే. 2009 జులై 12న ఢిల్లీలో జమ్రూద్‌పూర్ దగ్గర కడుతున్న మెట్రో వంతెన కూలి ఆరుగురు చనిపోయారు. ఆ రోజే శ్రీధరన్ నైతిక బాధ్యత తీసుకుని రాజీనామా ఇచ్చారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. కొంకణ్ రైల్వే కట్టే కాలంలో డెబ్బైమందికి పైగా ప్రాణాలు పోయాయి. తేదీ కోసం ఒక మనిషిని బలి పెట్టే పని ఏదైనా ఆలస్యమే మేలు. ఒక ఉత్సవం వస్తోందనో, ఎన్నికలు వస్తున్నాయనో చివరి మూడు నెలల్లో రేయింబవళ్లు తోలే పనిలో అలసిన కళ్లు పగుళ్లను చూడలేవు. గడువు మొదటినుంచీ సక్రమంగా నడిస్తేనే చివర్లో పరుగు ఉండదు. పరుగు లేకపోతేనే ప్రమాదం తగ్గుతుంది. కాబట్టి గడువుకూ భద్రతకూ పోటీ లేదు. ముందుచూపుతో నడిచే పనిలో అవి రెండూ కలిసే ఉంటాయి.

పట్టాలు పరిస్తే లైను పూర్తయినట్టేనని చాలామంది అనుకుంటారు. సిగ్నళ్లు, స్టేషన్ల మధ్య సమాచారం, గేట్లు, అన్నీ అమరాక రైల్వే భద్రతా కమిషనరు వచ్చి చూడాలి. ఆయన రైల్వే మంత్రిత్వ శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. అలా ఉండటం మంచిది. లైను కట్టినవాళ్లే అది బాగుందని తీర్పు చెప్పుకోకూడదు కదా. ఆయన అనుమతిచ్చాకే ప్రయాణికుల రైలు కదలాలి. ఈ చివరి అంచెను చిన్నచూపు చూస్తే ఎంత పెద్దవాళ్లయినా దెబ్బతింటారు. లండన్‌లో క్రాస్‌రైల్ అనే పెద్ద ప్రాజెక్టు 2018 డిసెంబరులో ప్రారంభం కావాలి. సొరంగాలు ఎప్పుడో తవ్వేశారు. ఇంకో మూడు, నాలుగు నెలలుందనగా, కుదరదని చెప్పాల్సి వచ్చింది. ఒకే రైలు మూడు రకాల సిగ్నల్ వ్యవస్థల కింద నడవాలి. వాటిని పొసగించి పరీక్షించడానికి తగినంత కాలం మిగల్లేదు. చివరికి 2022 మే నెలలో గాని ఎలిజబెత్ లైను పేరుతో అది తెరుచుకోలేదు. కట్టడం అయిపోయిందని సంతోషించే రోజు నుంచి రైలు నడిచే రోజు దాకా ఉండే దూరాన్ని ప్రణాళికలో మొదటే రాసుకోవాలి.

ఇక చెయ్యాల్సినవేమిటి? నాకు తోచినవి చెబుతాను.

మొదటిది, తక్కువ పనులు మొదలుపెట్టి, మొదలుపెట్టినవాటిని ముగించడం. ఏ లైను ముందు, ఏ లైను తరువాత అన్నది దేశానికి కలిగే ప్రయోజనాన్ని బట్టి తేల్చి, ముందున్నవాటికి పూర్తి డబ్బు ఇవ్వాలి. ఇది చెప్పడం తేలిక. తమ ప్రాంతం వంతు పదేళ్ల తరువాత వస్తుందని ఒప్పుకోవడానికి ఏ పార్లమెంటు సభ్యుడికైనా గుండె ధైర్యం కావాలి, ఆయన్ని ఎన్నుకున్న మనకూ కావాలి. కానీ ఇప్పుడు మొదలై పాతికేళ్లకు ముగిసే లైను కంటే, పదేళ్లకు మొదలై నాలుగేళ్లలో ముగిసే లైను ముందే అందుతుంది. లెక్క కట్టి చూసుకోండి.

రెండవది, భూమి చేతికి వచ్చాకే, అడవి అనుమతులు అందాకే, విద్యుత్ స్తంభాలూ నీటి గొట్టాలూ జరిపాకే టెండరు. 2008లో రైల్వే చట్టాన్ని సవరించి ప్రత్యేక ప్రాజెక్టులకు కేంద్రమే నేరుగా భూమి సేకరించే వీలు కల్పించారు. 2014 నుంచి కొత్త భూసేకరణ చట్టం అమల్లోకి వచ్చి పరిహారం పెరిగింది. పరిహారం పెరగడం వల్లే పనులు ఆగుతున్నాయని కొందరంటారు. నేను ఒప్పుకోను. తరతరాల చేను ఇస్తున్న రైతుకు న్యాయమైన ధర, చెప్పిన రోజుకు, చేతికి అందితే చాలావరకు అతను అడ్డం నిలబడడు. ప్రకటన ఇచ్చి, అతని భూమి అమ్ముకోకుండా కట్టేసి, డబ్బు మాత్రం ఏళ్లు నాన్చితే అడ్డం నిలబడతాడు. నిలబడటం న్యాయం కూడా.

మూడవది, మనిషి. ఒక్కో పెద్ద ప్రాజెక్టుకు ఒక బాధ్యుడు ఉండాలి. పని పూర్తయ్యేదాకా ఆ మనిషిని కదల్చకూడదు. పనిచేసే చోటే నిర్ణయం తీసుకునే అధికారం అతనికి ఉండాలి. నిజాయితీగా తీసుకున్న నిర్ణయం తప్పయితే కాపాడాలి. నిర్ణయం తీసుకోకుండా ఫైలు పైకి నెట్టిన మనిషినే అడగాలి. ఇవాళ మన వ్యవస్థలో తప్పు నిర్ణయానికి శిక్ష ఉంది, ఆలస్యానికి మాత్రం ఎవరికీ శిక్ష లేదు. అందుకే ఆలస్యమే అందరికీ క్షేమంగా తోస్తుంది.

నాలుగవది, పూర్తయిన మేరకు రైలు నడపడం. మనోహరాబాద్ నుంచి గజ్వేల్, సిద్దిపేట మీదుగా కొత్తపల్లికి 151 కిలోమీటర్ల లైను 2006-07లో మంజూరైంది. 2016లో శంకుస్థాపన జరిగింది. మొత్తం పూర్తయ్యేదాకా ఆగకుండా 2023 అక్టోబరులో సిద్దిపేట దాకా ప్రయాణికుల రైలు మొదలుపెట్టారు. మంచి పని. ఒక పట్టణానికి రైలు వస్తే తరువాతి పట్టణం గట్టిగా అడుగుతుంది. ఆ అడగడమే మిగతా పనిని ముందుకు లాగుతుంది.

అయిదవది, లెక్క బహిరంగంగా ఉండాలి. భూమి ఎంత వచ్చింది, ఎంత రావాలి, మట్టిపని ఎంత అయింది, ఏ వంతెన ఏ దశలో ఉంది, ఏ నిర్ణయం ఎవరి బల్ల మీద ఉంది అన్నవి నెలనెలా జిల్లా పత్రికల్లో, రేడియోలో, ఆ లైను మీద పడబోయే ప్రతి స్టేషన్ ఊళ్లో తెలుగులో తెలియాలి.

చివరగా, మీతో ఒక మాట. మన నాయకుల్ని మనం ఇన్నాళ్లూ శంకుస్థాపనలు అడుగుతూ వచ్చాం, వాళ్లు అవే ఇస్తూ వచ్చారు. ఈసారి మీ ప్రాంతానికి ఎవరైనా కొత్త లైను ప్రకటిస్తే చప్పట్లు కొట్టే ముందు నాలుగు ప్రశ్నలు వెయ్యండి. భూమి ఎంత చేతికొచ్చింది? ఈ ఏడాదికీ వచ్చే ఏడాదికీ డబ్బు ఎంత ఖాయమైంది? పని పూర్తయ్యేదాకా బాధ్యుడు ఎవరు? ఏ నెలకు ఏది పూర్తవుతుంది? జవాబులు కాగితం మీద రాయించి తీసుకోండి. ఏడాది తిరిగాక అదే కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లండి. అడిగేవాళ్లున్న ఊరికి చెప్పిన నాటికి రైలు వస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.